పక్షవాతం గురించి పిల్లల దగ్గర ఎందుకీ దాపరికం?

పక్షవాతం పెద్దలకు వచ్చే జబ్బు, దాని సంగతి పిల్లలకెందుకు అనే మాట మన ఇళ్లలో ఎంత తేలికగా చెల్లుబాటవుతుందో మీకు తెలియనిది కాదు. ఇంటి పెద్దకు కాలూ చెయ్యీ పడిపోయిన క్షణం నుంచి పిల్లలను పక్కింటికి పంపేస్తాం. అడిగితే ‘తాతకు జ్వరం’ అంటాం. ఆసుపత్రిలో వైద్యుడు పరిస్థితి వివరించబోతే ‘నువ్వు బయట కూసో బిడ్డా’ అని తలుపు దగ్గరికి నెడతాం. దీన్ని మనం దయ అనుకుంటున్నాం. ఇది దయ కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి చోట్ల ఇది ప్రాణం మీదికి తెచ్చే అలవాటు. అదే ఈ వ్యాసంలో నా వాదన.

ఈ మూడు జిల్లాలనే ఎందుకు పేర్కొన్నాను? 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ నుంచి విడివడిన ఈ ప్రాంతం వలసల నేల. ‘పాలమూరు లేబర్’ అన్న పేరుతో దేశంలో ఎన్నో ప్రాజెక్టులకు మట్టి మోసిన మనుషులు ఇక్కడివారు. కాలువలు వచ్చి కొన్ని ఊళ్ల రూపు మారినా, బతుకుతెరువు కోసం ముంబయికో పుణెకో హైదరాబాదుకో పోయే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. అటువంటి ఇళ్లలో మిగిలేది అవ్వ, తాత, బడికి పోయే మనవలు. పక్షవాతం వయసు మళ్లిన వారికే ఎక్కువగా వస్తుంది. రోజులో తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం లోపల దాని తాకిడి ఎక్కువ. అవ్వ పొయ్యి ముందు కూర్చుని ఒక్కసారిగా పక్కకు ఒరిగిపోయినప్పుడు ఆ ఇంట్లో ఉన్న ఏకైక సాక్షి పదేళ్ల పిల్లవాడు. ఆ పిల్లవాడికే మనం ఏమీ చెప్పకుండా ఉంచాం!

ఈ జబ్బులో గడియారానికి ఉన్న విలువ ఎంతో ఒకసారి చూడండి. రక్తనాళం పూడుకుపోయి వచ్చిన పక్షవాతంలో, నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని నాడీవైద్యులు లెక్కగట్టారు. గడ్డను కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపల ఇవ్వాలి. అదీ సీటీ స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకున్న తరువాతనే. ఆ వ్యవధిలో మనవాళ్లు ఏం చేస్తారు? గాలి సోకిందంటారు, లక్వ కొట్టిందంటారు. తాయెత్తు కట్టిస్తారు, ఆకుపసరు పోయిస్తారు, పావురం నెత్తురు రుద్దిస్తారు. వీటిలో ఏ ఒక్కటీ పూడిన నాళాన్ని తెరవదు. సాయంత్రానికి ముంబయి నుంచి కొడుకు ఫోనులో ‘కర్నూలు తీస్కపోండ్రి’ అనేసరికి ఇంజెక్షను గడువు దాటిపోయి ఉంటుంది. పెద్దలకు ఈ నమ్మకాలు ముదిరిపోయాయి. వాటిని కదిలించడానికి ముప్పై ఏళ్లకు పైగా మాటలు ఖర్చుపెట్టిన వాణ్ణి కనుక చెబుతున్నాను, పిల్లల మనసు ఇంకా అంత గట్టిపడలేదు.

పిల్లలకు చెప్పడం కష్టమన్నది మరొక సాకు. జూరాల కాలువ కింద పుట్టిన బిడ్డకు మెదడు గురించి చెప్పడానికి వైద్యగ్రంథం అక్కర్లేదు. గుండె నుంచి మెదడుకు రక్తం పిల్లకాలువల గుండా పారుతుంది. తూములో చెత్త అడ్డుపడితే దాని కింది మడి ఎండిపోతుంది. కట్టకు గండి పడితే నీరు పొలం మీద పడి ముంచేస్తుంది. పక్షవాతం ఈ రెండు విధాలుగానూ వస్తుంది, మొదటిదే ఎక్కువ. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, స్కాన్ తీస్తే తప్ప తేడా తెలియదు. అందుకే ఇంట్లో ఏ మాత్రా వేయకూడదు, చివరకు ‘రక్తం పలుచన చేసే బిళ్ల’ కూడా. తూము తొందరగా తెరిస్తే వాడిన పైరు తేరుకుంటుంది, ఆలస్యమైతే ఎండిన మొక్క మళ్లీ లేవదు. ఇంతే. ఐదో తరగతి పిల్లలకు ఇది అర్థం కాదని అనేవారు రైతు ఇంటి పిల్లలతో మాట్లాడి ఉండరు.

గుర్తుపట్టడం ఇంతకంటే సులువు. నవ్వమను, నోరు ఒక పక్కకు వంకరపోయిందా చూడు. రెండు చేతులూ ఎత్తమను, ఒకటి జారిపోతోందా చూడు. ఏదైనా చెప్పమను, మాట ముద్దగా వస్తోందా, అసలు రావడం లేదా విను. ఈ మూడింటిలో ఒక్కటి కనిపించినా గడియారం చూసి 108కి ఫోన్ చెయ్యి, పక్కింటి వారిని కేకెయ్యి. నోట్లో నీళ్లు కూడా పోయవద్దు. ఈ చివరి మాటను నేను నొక్కి చెబుతాను. పక్షవాతం వచ్చినవారికి గొంతు సరిగా పనిచేయదు. ప్రేమతో పోసిన గుక్కెడు నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తాయి. ‘చివరిగా తాత బాగున్నది ఎప్పుడు?’ అన్నది ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న. దానికి జవాబు తెలిసినవాడు తరచుగా ఆ పిల్లవాడే. వాణ్ణే మనం బయట కూర్చోబెడతాం.

న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఒలాజిడే విలియమ్స్ అనే నాడీవైద్యుడు పాటలతో, బొమ్మల కథలతో ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఈ లక్షణాలు నేర్పించారు. నెలల తరువాత కూడా పిల్లలు వాటిని మరచిపోలేదనీ, కొందరు ఇంట్లో నిజంగా ఆపద వచ్చినప్పుడు ఫోన్ చేశారనీ ఆయన బృందం పరిశోధనల్లో నమోదు చేసింది. గ్రీసులో థెస్సలొనీకి నగరంలోని మాసిడోనియా విశ్వవిద్యాలయం ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల కోసం ఇటువంటిదే మరొకటి రూపొందించగా, అది ఎన్నో దేశాలకు పాకింది. అక్కడ పిల్లలు తాము నేర్చుకున్నది తాతమ్మలకు నేర్పుతారు. మన దగ్గర? మెదడు బొమ్మ గీయించి, భాగాలు గుర్తింపజేసి, మార్కులు వేస్తాం. అనుమస్తిష్కం ఎక్కడుందో వేలు పెట్టి చూపగల విద్యార్థికి అవ్వ మూతి వంకరపోతే ఏం చేయాలో తెలియదు. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. తెల్లకోటు వేసుకున్న విద్యార్థులు వందల సంఖ్యలో ఉన్న ఊళ్లివి. అక్టోబరు 29న ప్రపంచ పక్షవాత దినం నాడు వారిని నగరంలో ర్యాలీ తీయించే బదులు చుట్టుపక్కల బడులకు పంపితే ఒక్క పూటలో పని అవుతుంది. ర్యాలీలో ఫొటోలు బాగా వస్తాయి, నిజమే.

ఇంతవరకు చెప్పింది మొదటి గంటల సంగతి. అసలు అన్యాయం ఆ తరువాత మొదలవుతుంది.

తాత ఆసుపత్రి నుంచి తిరిగి వస్తాడు. కానీ పోయిన తాత కాడు. మనవరాలిని చూసి ఏదో అనబోతాడు, మాట రాదు, విసుగుతో మంచం మీద కొడతాడు. మెదడు ఎడమ భాగం దెబ్బతింటే చాలామందికి కుడి కాలూ చెయ్యీతోపాటు మాట కూడా పోతుంది. లోపల మనిషికి అంతా తెలుసు, పదం మాత్రం దొరకదు. ఈ ఒక్క వాక్యం ఎవరూ చెప్పనందువల్ల ఆ పాప ‘తాతకు పిచ్చి లేసింది’ అనుకుంటుంది. ఇంకొక అవ్వ చిన్న మాటకే వెక్కివెక్కి ఏడుస్తుంది, మరునిమిషం నవ్వుతుంది. అది కూడా దెబ్బ తిన్న మెదడు చేసే పనే. మరికొందరికి తమ ఎడమ పక్క లోకమే ఉండదు, కంచంలో ఎడమ సగం అన్నం అలాగే మిగిలిపోతుంది. పిల్లలు నవ్వుతారు, వాళ్లను మనం కొడతాం. కారణం చెబితే ఆ కంచాన్ని వాళ్లే తిప్పి పెడతారు.

వీటన్నింటికంటే హీనమైన మాట ఒకటుంది. ‘నీ అల్లరి పడలేకే ముసల్దానికి ఇట్లయింది’ అని కోపంలో అనేస్తాం. రక్తపోటు ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చింది. మాత్రలు మధ్యలో మానేసింది పెద్దలు, పొగాకు నమిలింది పెద్దలు. నేరం మాత్రం ఎనిమిదేళ్ల పిల్లవాడి నెత్తిన! చిన్నపిల్లలు ఇంట్లో జరిగిన ప్రతి కీడుకూ తామే కారణమని సులువుగా నమ్ముతారు. ఆ నమ్మకానికి మనం ముద్ర వేయకూడదు. పైగా ‘నువ్వు చేసిన పనివల్ల, అన్న మాటవల్ల ఇది రాలేదు. ఇది అంటుకునే జబ్బు కాదు, అవ్వ పక్కన పడుకోవచ్చు’ అని, అడగకపోయినా, స్పష్టంగా చెప్పాలి.

కోలుకోవడం గురించి కూడా నిజమే చెప్పాలి. ‘పునరావాసం’ అన్న పుస్తకాల మాటను నేను వాడను, శ్రీశైలం ముంపు చూసిన కొల్లాపూర్, అలంపూర్ వాసులకు ఆ మాట మరో గాయాన్ని గుర్తుచేస్తుంది. బీచుపల్లి వంతెన మీద రాకపోకలు ఆగితే లారీలు చుట్టుతిరుగుడు దారి పట్టినట్లు, చచ్చిన కణాల పనిని మెదడు పక్క దారుల గుండా జరుపుకోవడం నేర్చుకుంటుంది. ఆ దారి నడిచిన కొద్దీ గట్టిపడుతుంది. అందుకే వ్యాయామం రోజూ, మళ్లీ మళ్లీ. మెరుగుదల ఎక్కువగా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కనిపిస్తుంది, ఆ తరువాత నిదానంగా సాగుతుంది. గద్వాల మగ్గం మీద కూర్చునే మనిషికి రెండు చేతులూ రెండు కాళ్లూ కావాలి. ఆయన మళ్లీ నేస్తాడో లేదో మొదటి వారంలో ఏ వైద్యుడూ చెప్పలేడు. అటువంటప్పుడు ‘పండుగ వరకు తాత లేచి ఉరుకుతడు’ అని పిల్లలకు మాటివ్వడం దేనికి? పండుగ వస్తుంది, తాత లేవడు, ఆ పైన మీరు చెప్పే ఏ మాటనూ బిడ్డ నమ్మడు. ‘కొంత బాగైతడు, ఎంతనో తెల్వదు, మనం రోజూ చేయిద్దాం’ అన్న మాటను పిల్లలు మోయగలరు.

పిల్లలు భయపడతారని అంటారు. వారు ఇప్పటికే భయపడుతున్నారు. రాత్రి పక్క తడపడం, బడిలో పరధ్యానం, కారణం లేని కడుపునొప్పి మన దాపరికానికి వచ్చిన ఫలితాలు కావచ్చు. ఇంకొక అభ్యంతరం ఉంది, అది మాత్రం బరువైనది. ఇలా చెబితే పెద్దల భారాన్ని పిల్లల మీద వేసినట్లు కాదా? కాదు, కానీ ఇక్కడ జాగ్రత్త అవసరం. తెలియజెప్పడం వేరు, పనికి పెట్టడం వేరు. విచిత్రమేమిటంటే, ‘పిల్లలకెందుకు’ అని జబ్బు సంగతి దాచిన ఇళ్లే, ఏడో తరగతి ఆడపిల్లను అవ్వ మలమూత్రాలెత్తడానికి బడి మాన్పిస్తున్నాయి. వినడానికి చిన్నపిల్ల, చాకిరీకి పెద్దమనిషా? ఆ పిల్ల తాతను లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి గుంజుతుంది. భుజం కీలు జారి తాత నెలల తరబడి నొప్పితో అరుస్తాడు. ఆ చేతిని గుంజకూడదని, నడుము దగ్గర పట్టుకోవాలని ఆమెకు ఎవరు చెప్పారు? అసలు ఆ బరువు ఆమె ఎత్తవలసిందా? పక్కకు ఒత్తిగిలించడం, లేపడం, కడగడం పెద్దల పనులు. మనవలు చేయదగినవి వేరే ఉన్నాయి: ఫొటోలు చూపించి పేర్లు పలికించడం, అష్టాచెమ్మా గవ్వలను పడిపోయిన చేతితో వేయించడం, మాట పూర్తయ్యేదాకా తొందర పెట్టకుండా ఎదురుచూడడం. పెద్దల కంటే వారు ఇది బాగా చేస్తారు, ఎందుకంటే వారికి ఆటలో విసుగు రాదు. వారు విసిగిన నాడు లేచి ఆడుకోవడానికి పోనివ్వండి.

మీ ఇంట్లో రక్తపోటు, చక్కెర జబ్బు ఉన్న పెద్దలుంటే ఈ పని ఆదివారం దాకా ఆపకండి. దగ్గరలో సీటీ స్కాన్ రాత్రివేళ కూడా తీసే ఆసుపత్రి ఏదో మీరు కనుక్కుని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. 108, మీ నంబరు, పక్కింటి నంబరు దాని కింద ఉండాలి. ఫోను తాళం తీయడం పిల్లలకు నేర్పండి. అవ్వనే కూర్చోబెట్టి, ఒకసారి మూతి వంకర పెట్టించి, చెయ్యి జారవేయించి, మనవడి చేత ఆటగా పరీక్ష చేయించండి. ఊరి పేరు, ఇంటి ఆనవాలు ఫోనులో ఎలా చెప్పాలో కూడా పలికించండి. గుడి పక్కనా, నీళ్ల ట్యాంకు వెనుకా? చాలా ఇళ్లకు నంబరు ఉండదు, అంబులెన్సు డ్రైవరు అడిగేది అదే.