ఆడవాళ్ళకు లాజిక్ లేదట!

ఈ మాట పడని ఇల్లాలు మీలో ఎవరైనా ఉన్నారా? కిందటి నెల పెద్ద కొడప్‌గల్‌లో మా చెల్లెలింట్లో నేను మళ్ళీ పడ్డాను.

జరిగిందింతే. చెల్లెలి ఏడేళ్ళ కొడుకు పిక్క మీద వీధికుక్క పన్ను దించింది. ఇది గాయాన్ని సబ్బు పెట్టి పావుగంటసేపు కడిగి, "పదండి, బాన్సువాడ వెళ్ళి సూది వేయిద్దాం" అంది. మా మరిది లెక్కల్లో డిగ్రీ చదివినవాడు. కుర్చీలోంచి కదలకుండానే, "కుక్కకు పిచ్చి ఉందని రుజువేంది? మంచిగనే తిరుగుతుంది గదా! ఏమన్నా అను వదినా, ఆడోళ్ళకు లాజిక్ ఉండదు" అన్నాడు.

నేను చదివింది ఉత్త బి.ఏ. అయినా ఊరుకోలేకపోయాను.

అబ్బాయీ, ముందు నీ లాజిక్కే చూద్దాం. పొగ కనిపిస్తే నిప్పుందనవచ్చు. పొగ లేదు గనుక నిప్పూ లేదంటే చెల్లదు. పదిహేడో శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలోనే ఉంది, కాలిన ఇనుపగుండు సంగతి: నిప్పుంటుంది, పొగ ఉండదు. పిచ్చి లక్షణాలు బయటపడే ముందు కొద్దిరోజులు కూడా కుక్క చొంగలో ఆ క్రిమి ఉండొచ్చు. అందుకే డాక్టర్లు సూదులు మొదలుపెట్టి, పదిరోజులు కుక్కను కనిపెట్టి చూడమంటారు.

మరి రుజువు దొరక్కపోతే చేతులు ముడుచుకు కూర్చోవాలా? ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి, నూటరెండేళ్ళ వయసులో, 2023లో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్న సి.ఆర్. రావుగారు జీవితమంతా చెప్పిందదే. మనకు తెలియనిది ఎంతో అంచనా కట్టగలిగితే, ఆ అరకొర తెలివిడి కూడా పనికొస్తుంది.

సరే, ప్రమాదం వందలో ఒక వంతే అనుకో. అక్కడితో లెక్క అయిపోదు. ఒక తక్కెడలో ఆటో ఛార్జీ, నాలుగు సూదుల నొప్పి. రెండో తక్కెడలో లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరినీ బతకనివ్వని రోగం. ఏది బరువో చూసి నడుచుకోవడమే వివేకం. అలాగని పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకోమనను. పిల్లికీ ప్రయాణానికీ సంబంధమే లేదు. కుక్కకాటుకూ ఆ రోగానికీ ఉంది.

మా చెల్లెలు ఈ వాదన తేలేదాకా ఆగలేదు. పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆటో ఎక్కింది.

పదిరోజులు గడిచాయి. కుక్క నిక్షేపంగా ఉంది. మరిది మొహం వెలిగిపోయింది. "చూసినవా వదినా, నేనన్నదే నిజమైంది!"

"రోజూ రాత్రి తలుపు గడియ పెట్టేది నువ్వే కదా! ఇన్నేళ్ళలో ఒక్క దొంగా రాలేదే, మరి గడియ ఊడదీయిద్దామా?" అన్నాను.

జవాబు లేదు. వీళ్ళు స్కూటరుకు ఇన్సూరెన్సు కడితే ముందుచూపు. మనం పిల్లాడికి సూది వేయిద్దామంటే గాభరా! లాజిక్ లేనిది ఎవరికో మీరే చెప్పండి.