శివారు ఊరి తాగునీరు హక్కే

ఎండాకాలం కాల్వలు కట్టేశాక దివిసీమ శివారు ఊళ్లలో అసలు కష్టం మొదలవుతుంది. చేతిపంపు కొడితే ఉప్పునీళ్లు వస్తాయి. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మంచినీళ్ల చెరువు అడుగంటితే ట్యాంకరు కోసం ఎదురుచూడాలి, లేదా టిన్ను నీళ్లు కొనుక్కోవాలి. నాగాయలంక, కోడూరు మండలాల జనం ఏటా అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. ఆ అర్జీల్లో ప్రాధేయపడడమే తప్ప హక్కుగా అడగడం కనిపించదు. హక్కుగానే అడగవచ్చని సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలోనే తేల్చింది.

అది అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే. హైదరాబాదుకు తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు పది కిలోమీటర్లలోపు ఒక నూనెల పరిశ్రమ పెట్టబోతే కాలుష్య నియంత్రణ మండలి కాదంది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ ఎం.వి. నాయుడుకూ మధ్య కేసుగా అది సుప్రీంకోర్టుకెక్కింది. తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాధరావు తీర్పు రాస్తూ 1977 మార్చిలో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో జరిగిన ఐక్యరాజ్యసమితి నీటి సదస్సును ప్రస్తావించారు. ఏ దేశపు ప్రజలైనా, ఏ స్థితిలో ఉన్నా, కనీస అవసరాలకు సరిపడా మంచి తాగునీరు పొందే హక్కు వారికుందని ఆ సదస్సు తీర్మానించింది. తాగునీరు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమనీ, శుభ్రమైన నీరివ్వడం ప్రభుత్వ బాధ్యత అనీ ఆ తీర్పు చెప్పింది. సదస్సు జరిగిన ఏడాదే, నవంబరు 19న, ఉప్పెన దివిసీమలో వేల ప్రాణాలు తీసి ఊళ్లకు ఊళ్లను ఉప్పునీట ముంచింది. ఆ తీర్మానం అవసరం ఈ నేలకంటే ఎవరికెక్కువ?

బయటి దేశంలో జరిగిన తీర్మానం మన కోర్టులో ఎలా చెల్లుతుంది? విదేశీ ఒప్పందం దానంతట అదే ఇక్కడ చట్టం కాదు. రాజ్యాంగం 253వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేయాలి. కానీ అంతర్జాతీయ న్యాయాన్ని గౌరవించాలని 51వ అధికరణం చెబుతోంది. అంతర్జాతీయ న్యాయసూత్రాలు పార్లమెంటు చట్టానికి విరుద్ధం కానంతవరకూ దేశ న్యాయంలో భాగమేననీ, విరుద్ధమైతే పార్లమెంటు మాటే నెగ్గుతుందనీ 1984లో గ్రామఫోన్ కంపెనీ కేసులో మరో తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి స్పష్టం చేశారు. పనిచోట లైంగిక వేధింపులపై 1997లో విశాఖ కేసు తీర్పు ఈ దారినే వచ్చింది. మహిళలపై వివక్షను నిర్మూలించే అంతర్జాతీయ ఒడంబడికే దానికి ఆధారం. పార్లమెంటు చట్టం చేసింది 2013లో.

ఈ దారికి హద్దు ఎక్కడుందో మన సముద్రతీరమే చూసింది. రొయ్యల చెరువుల వల్ల తాగునీరు ఉప్పబారుతోందని గుర్తించి, తీర నియంత్రణ పరిధిలో ఆ చెరువులు ఉండరాదని జగన్నాథ్ కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆదేశించింది. కాలుష్యం చేసినవాడే నష్టం కట్టాలన్న అంతర్జాతీయ సూత్రాన్ని అమలుచేసింది. ఆ ఆదేశం అమలుకాకుండానే నిలిచిపోయింది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, రిజిస్ట్రేషనుతో ఆ సాగుకు దారి తెరిచింది. అయినా నష్టం కట్టాలన్న సూత్రం పోలేదు. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 20వ సెక్షనులో అది చేరింది.

రొయ్యల మీద బతికే కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. సాగు ఆపాలని నేననను. ఒకరి చెరువులోని ఉప్పు ఇంకొకరి బిందెలోకి రాకూడదంటాను. పొలాలు చేపల చెరువులైన గుడివాడ చుట్టుపక్కల ఊళ్లకూ ఇదే న్యాయం.

ఇక చేయాల్సింది ఊళ్లే చేయాలి. ముందు నీళ్లు పరీక్ష చేయించండి. లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి లవణాలు ఉండకూడదనీ, వేరే నీరు దొరకనప్పుడు మాత్రమే 2000 దాకా ఒప్పుకోవచ్చనీ భారత ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ ఫలితంతో గ్రామసభలో తీర్మానం చేయండి. నీటి సరఫరా తగాదాలను కోర్టు ఫీజు లేకుండా శాశ్వత లోక్ అదాలత్‌లో తేల్చుకునే వీలు చట్టం కల్పించింది. మచిలీపట్నంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను సలహా అడగండి. వచ్చే ఎండాకాలం మీరిచ్చే అర్జీలో ట్యాంకరు కావాలన్న మాటకు ముందు 21వ అధికరణాన్నీ, 2000 నాటి తీర్పునూ రాయండి. బతిమాలే రోజులు అక్కడితో ఆపండి.