ఓడిపోలేదు... దింపేశారు!

ఆడవాళ్ళ పేజీలో ఫుట్‌బాల్ ఏమిటి, మా ఇంట్లో మగవాళ్ళే క్రికెట్ తప్ప ఇంకోటి చూడరు అంటారేమో. కాస్త ఆగండి. ఇది మన కోడిగుడ్డుతో మొదలయ్యే కథ.

జంగారెడ్డిగూడెం బజారులో గానీ, తణుకులో గానీ డజను గుడ్లు అడిగితే "ఇవాళ రేటు పెరిగిందండీ" అంటాడు కొట్టతను. ఎవరు పెంచారూ? ఆ రేటు రోజూ ప్రకటించేది నెక్ అని మనం పొట్టిగా పిలిచే జాతీయ కోడిగుడ్ల సమన్వయ సంఘం. 1982లో పుట్టింది. అంతకుముందు గుడ్డు రైతుది, ధర మాత్రం దళారీది. దాణా ఖర్చు కూడా తిరిగిరాని రోజుల్లో కోళ్ళ రైతుల్ని ఒక్కచోటికి చేర్చి, మీ సరుకు ధర మీరే చెప్పాలని నూరిపోసిన మనిషి డాక్టర్ బండా వాసుదేవరావు. హైదరాబాదు ఆయన. 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు. ఆ వ్యాపారమే పూనా కేంద్రంగా పెరిగి పెద్దదై 'వెంకీస్' అయింది. ఆయన 1996లో పోయాక సంస్థ పగ్గాలు పట్టుకున్నది కూతురు అనూరాధా దేశాయ్. కొడుకులుండగా కూతురు పెద్ద కుర్చీలో కూర్చోవడం మన వ్యాపార కుటుంబాల్లో ఎంత అరుదో మీకు వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఆమె పేరు ఇష్టంగానే రాస్తున్నాను.

ఆ కుటుంబం 2010 నవంబరులో ఇంగ్లండులో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కొన్నది. పేరు బ్లాక్‌బర్న్ రోవర్స్. ధర సుమారు 2 కోట్ల 30 లక్షల పౌండ్లు. బ్లాక్‌బర్న్ అంటే లాంకషైర్‌లో ఒకప్పటి నూలు మిల్లుల ఊరు. 1931లో గాంధీగారు విదేశీ బట్టల బహిష్కరణ వల్ల పనులు పోయిన కూలీలని చూడటానికి వెళ్ళింది దాని పక్కనున్న డార్వెన్‌కే. అక్కడి మిల్లు ఆడవాళ్ళు ఆయన చుట్టూ చేరి కేరింతలు కొడుతున్న ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. 1875లో పుట్టిన ఆ క్లబ్బు ఆ ఊరికి గుడిలాంటిది. 1995లో ఇంగ్లండుకే చాంపియన్.

ఇప్పుడు ఒక్క మాట అర్థం చేసుకుంటే మిగతా కథంతా సులువు. మన క్రికెట్‌లో ఐపీఎల్ జట్టు అట్టడుగున ఉన్నా మళ్ళీ ఏడాది అక్కడే ఆడుతుంది. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో అలా కుదరదు. అక్కడ లీగులు మేడ మెట్లలా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. గెలిస్తే మూడు పాయింట్లు, సమమైతే ఒకటి, ఓడితే సున్నా. సీజను చివర్లో అడుగున మిగిలిన జట్లు కింది లీగుకి దిగిపోతాయి, కింద గెలిచినవి పైకొస్తాయి. బాల్కనీలోంచి నేల క్లాసుకి పంపేసినట్టన్నమాట. దిగితే టీవీ డబ్బు తగ్గుతుంది, మంచి ఆటగాళ్ళు వెళ్ళిపోతారు, స్టేడియంలో సమోసాలమ్మేవాడి దగ్గర్నుంచి అందరి బతుకూ ఒక మెట్టు దిగుతుంది. అందుకే చాంపియన్‌షిప్ కోసం జరిగే పోరుకన్నా అడుగున పడకుండా ఉండటానికి జరిగే పోరే అక్కడ ఎక్కువమందికి గుండెదడ.

కొత్త యజమానులొచ్చిన ఏడాదిన్నరకే బ్లాక్‌బర్న్‌కి ఆ దడ పట్టుకుంది. వచ్చిన నెలకే మేనేజర్ని మార్చారు. ఆటగాళ్ళందరినీ కూర్చోబెట్టి కోడికాళ్ళు తినిపిస్తూ ప్రకటన తీశారు! 2012 మే 7న సొంత స్టేడియంలో, జోరువానలో, విగన్ చేతిలో 0-1తో ఓడి క్లబ్బు మొదటి లీగు నుంచి దిగిపోయింది. ఆ రోజు ఒక అభిమాని మైదానంలోకి రోవర్స్ జెండా కప్పిన కోడిని వదిలాడు. యజమానుల వ్యాపారాన్ని వెక్కిరించడమే. కోడేం పాపం చేసిందో!

2017లో అంతకన్నా ఘోరం. ఆఖరి రోజు బ్రెంట్‌ఫర్డ్ మీద 3-1తో గెలిచి కూడా దిగిపోయారు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ వీళ్ళకీ పాయింట్లు సమానం, చెరి 51. గోల్స్ లెక్క చూస్తే వీళ్ళు వెనక. ఒకప్పుడు దేశానికే చాంపియన్ అయిన క్లబ్బు మూడో మెట్టు మీద కూలబడింది. కానీ చూడండి, 2018లో మళ్ళీ లేచింది. 2024 మేలో మళ్ళీ అడుగున పడబోయి, ఆఖరి రోజు ఆ ఏడాది విజేత లెస్టర్‌ని వాళ్ళ గడ్డమీదే 2-0తో కొట్టి నిలబడింది. మగవాళ్ళ జట్టు సంగతి ఇదీ. పడ్డప్పుడల్లా లేవడానికి వాళ్ళకి ఇంకో సీజను దొరికింది. డబ్బు పోసేవాళ్ళు పోస్తూనే ఉన్నారు. ఆ విషయంలో వెంకీస్ వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. అప్పు మీద అప్పు ఎక్కినా వదిలి పారిపోలేదు. మన దేశంలో కేసుల వల్ల డబ్బు పంపడానికి కోర్టు అనుమతులు తెచ్చుకోవాల్సి వచ్చిన రోజుల్లో కూడా క్లబ్బు తలుపులు మూతపడలేదు.

నేను చెప్పాలనుకున్నది వీళ్ళ సంగతి కాదు. అదే క్లబ్బులో ఆడపిల్లల జట్టు ఒకటుంది.

ఆ జట్టు మూడో మెట్టు మీద వరసగా విజేతగా నిలిచి, 2019లో రెండో మెట్టుకి ఎక్కింది. 2022లో ఇంగ్లండు ఆడవాళ్ళ జట్టు జర్మనీని 2-1తో ఓడించి యూరప్ కప్పు గెలిచిందని విన్నారు కదా? ఆ ఫైనల్లో మొదటి గోలు కొట్టిన ఎల్లా టూన్, మధ్యలో ఆట నడిపించిన కీరా వాల్ష్, జార్జియా స్టాన్వే - ముగ్గురూ చిన్నప్పుడు ఈ బ్లాక్‌బర్న్ జట్టులో ఆడి పెద్దయినవాళ్ళే. 2025లో ఇంగ్లండు ఆ కప్పు నిలబెట్టుకున్నప్పుడూ ముగ్గురూ జట్టులో ఉన్నారు.

2024-25 సీజను వాళ్ళకి కష్టంగానే గడిచింది. పట్టికలో కింది సగంలోనే ఉన్నారు. అయినా అట్టడుగున పడలేదు. అట్టడుగున షెఫీల్డ్ యునైటెడ్ మిగిలింది. అంటే ఆట లెక్క ప్రకారం బ్లాక్‌బర్న్ ఆడపిల్లలు తమ చోటు తాము కాపాడుకున్నారు. హమ్మయ్య అనుకుని ఊపిరి పీల్చుకున్నారో లేదో, 2025 మేలో క్లబ్బు నుంచి కబురొచ్చింది. వచ్చే సీజనుకి రెండో లీగులో ఆడాలంటే లైసెన్సు తీసుకోవాలి. అందుకు మంచి మైదానం, వైద్యం, ఆటగాళ్ళ బాగోగులు చూసే సిబ్బంది, ఇవన్నీ ఒక స్థాయిలో చూపించాలి. ఆ ఖర్చుకి మేం కట్టుబడలేం. అంతే. జట్టు రెండో లీగు నుంచి తప్పుకుని కింది మెట్లకి దిగిపోయింది. ఖాళీ అయిన చోటులో ఎవరు ఉండిపోయారనుకున్నారు? అడుగున పడిన షెఫీల్డ్ యునైటెడ్!

ఓడినవాళ్ళు నిలిచారు, నిలిచినవాళ్ళు దిగారు. ఆట మైదానంలో ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? రిఫరీ తప్పు చేస్తే అరవచ్చు. గోలు తప్పిపోతే తిట్టుకోవచ్చు. ఇక్కడ ఆ అమ్మాయిలు ఎవర్ని అడగాలి?

డబ్బు లేనప్పుడు ఏదో ఒకటి కోసుకోవాలి కదా, వ్యాపారమన్నాక తప్పదు కదా అంటారు కొందరు. నిజమే, ఫుట్‌బాల్ క్లబ్బులు నష్టాల కొలుములే. ఆడవాళ్ళ జట్టుకి టిక్కెట్ల మీద వచ్చేది తక్కువే. అంతకు ముందు ఏడాది రెడింగ్ క్లబ్బు కూడా డబ్బు చిక్కుల్లో ఇలాగే తన ఆడవాళ్ళ జట్టుని ఇదే లీగు నుంచి తప్పించింది. కానీ లెక్క చూడండి. 2024 ఫిబ్రవరిలో బ్లాక్‌బర్న్ తన దగ్గర పెరిగిన ఒక కుర్రాణ్ణి, ఆడమ్ వార్టన్‌ని, క్రిస్టల్ ప్యాలెస్‌కి అమ్మితే మొదటి విడతకే సుమారు 1 కోటి 80 లక్షల పౌండ్లు వచ్చాయి. ఒక్క కుర్రాడి మీద అంత వచ్చిన ఇంట్లో, పాతికమంది ఆడపిల్లలకి డాక్టరూ మైదానమూ చూపించడానికి మాత్రం చేతులు రాలేదు. ఈ నిర్ణయం అనూరాధా దేశాయ్ ఒక్కరే చేశారని నేననను. అక్కడ క్లబ్బు నడిపే అధికారులు వేరే ఉన్నారు. కానీ ఆ ఇంటి పెద్ద ఆమె. రైతు సరుకు ధర రైతే చెప్పాలన్న తండ్రి కూతురు. ఆ పిల్లల్ని కూడా కూర్చోబెట్టి, ఇదీ పరిస్థితి, ఏం చేద్దాం అని ఒక్కమాట అడిగి ఉంటే బాగుండునని నాకనిపిస్తుంది.

ఇంగ్లండు ఆడవాళ్ళకి ఈ దెబ్బ కొత్త కాదు లెండి. బ్లాక్‌బర్న్‌కి కూతవేటు దూరంలో ప్రెస్టన్ ఉంది. మొదటి ప్రపంచయుద్ధం నాడు మగవాళ్ళు సిపాయిలుగా వెళ్ళిపోతే, అక్కడి డిక్ కెర్ ఫ్యాక్టరీలో మందుగుండు తయారుచేసే ఆడవాళ్ళు 1917లో జట్టు కట్టారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో వాళ్ళాట చూడటానికి 53 వేలమంది వచ్చారు! మరుసటి ఏడాది డిసెంబరు 5న ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ఆడవాళ్ళని తన క్లబ్బుల మైదానాల్లోకి రానివ్వద్దని నిషేధం పెట్టింది. ఆ ఆట ఆడవాళ్ళకి తగదట. జనం రాకపోవడం వల్ల ఆగిన ఆట కాదది, జనం మరీ ఎక్కువ రావడం వల్ల ఆపిన ఆట. ఆ నిషేధం ఎత్తడానికి దాదాపు 50 ఏళ్ళు పట్టింది. ఇవాళ "ఆడవాళ్ళ ఫుట్‌బాల్ ఎవరు చూస్తారు, డబ్బులెక్కడొస్తాయి" అనేవాళ్ళు ఈ 50 ఏళ్ళ సంగతి లెక్కలో వేయరు.

ఇక మన ఊళ్ళకొద్దాం. హైస్కూలు గ్రౌండు ఏదైనా సాయంత్రం అయిదింటికి చూడండి. జంగారెడ్డిగూడెమైనా సరే, కొవ్వూరైనా సరే. ఆడేది మొగపిల్లలే. మరి ఆరో తరగతిలో ఖోఖోలో పాదరసంలా పరుగెత్తిన ఆ అమ్మాయిలంతా ఏమయ్యారు? ఓడిపోయారా? లేదు. ఎవరో వచ్చి వాళ్ళకన్నా బాగా ఆడి వెనక్కి నెట్టారా? అదీ లేదు. ఎనిమిదో తరగతిలో పెద్దమనిషయింది, ఇంక చాల్లే అంది నాయనమ్మ. టోర్నమెంటుకి వేరే ఊరు తీసుకెళ్ళడానికి లేడీ టీచరు లేరన్నారు బడిలో. నిక్కరు వేసుకోవాలా అన్నాడు బాబాయి. ఎండలో నల్లబడితే రేపు సంబంధాలెలా అని అమ్మే దిగులుపడింది. బూట్లు కొనాల్సి వచ్చినప్పుడు ఇంట్లో డబ్బు ఒక్క జతకే ఉంటే, అవి ఏ కాళ్ళకి వెళతాయో మీకు తెలుసు, నాకు తెలుసు. బ్లాక్‌బర్న్‌లో లైసెన్సు అన్నారు, ఇక్కడ లోకం అంటారు. అక్కడ కనీసం పేపర్లో పడింది. ఇక్కడ ఆ అమ్మాయి తను బాగా ఆడేదాన్నన్న సంగతి పెళ్ళయ్యాక పిల్లలకి సరదాగా చెప్పుకుంటుంది, అంతే.

ఫుట్‌బాల్ మన ఆట కాదు అనకండి. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరిన భారత జట్టుకి కోచ్ హైదరాబాదు రహీమ్ సాబ్. ఇవాళ్టి సంగతే కావాలంటే నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఉంది. 2024-25 సీజనులో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది, ఆ ఏడాదికి దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డు తీసుకుంది. అంతకుముందే క్రొయేషియా వెళ్ళి డినామో జాగ్రెబ్ క్లబ్బుకి ఆడొచ్చింది. తండా నుంచీ పల్లె నుంచీ వచ్చే పిల్లలకి కావలసింది మధ్యలో ఎవరూ దింపెయ్యకుండా ఉండటమే.

ఏటా బడుల్లో మండల స్థాయి పోటీలకి పేర్లు రాసుకుంటారు. ఈసారి మీ అమ్మాయి బడికి వెళ్ళినప్పుడు, మార్కుల సంగతి అడిగాక పీఈటీ మాస్టారి దగ్గర కూడా ఒక నిమిషం ఆగండి. ఆడపిల్లల జట్టు ఉందా, ఉంటే ఏ ఆటకి, లేకపోతే ఎందుకు లేదు అని అడగండి. వెంట వెళ్ళడానికి ఆడమనిషి లేదు అనే జవాబు చాలాచోట్ల వస్తుంది. దానికి ఇద్దరు తల్లులు వంతులు వేసుకుంటే చాలు. ఏలూరుకి పొద్దున్న బస్సెక్కితే రాత్రి భోజనాల వేళకి తిరిగొచ్చెయ్యొచ్చు. ఆ ఒక్కరోజూ వంట ఇంట్లో మగవాళ్ళు చూసుకుంటారు. గుడ్లు ఉడకపెట్టడం అంత కష్టమేం కాదు.