చౌరాహా జట్టు

2025 సెప్టెంబరు నెలాఖరున ఒక రాత్రి, భోజనాల వేళ దాటిపోతున్నా మా మనుమడు టీవీ ముందునుంచి లేవడు. ఉన్నట్టుండి కేక వేశాడు: "తాతయ్యా, వెస్టిండీసు 83 పరుగులకే ఆలౌట్!"

ఎవరి చేతిలోరా అంటే, నేపాలు చేతిలో అన్నాడు.

"పశుపతినాథుడి ఊరివాళ్ళకు క్రికెట్టు కూడా వచ్చునా?" అని వంటింట్లోంచి మా ఆవిడ ఆశ్చర్యపోయింది.

వచ్చునండీ. షార్జాలో ఆడిన ఆ మూడు మ్యాచీల్లో రెండు నేపాలే గెలిచింది. టెస్టులాడే దేశం మీద వాళ్ళకు అలాంటి గెలుపు అదే మొదలు. మావాడు గంతులు వేస్తున్నాడు గాని, నా మనస్సు మాత్రం 2016 మీదకు పోయింది. ఆ యేడు ఏప్రిల్‌లో అంతర్జాతీయ క్రికెట్ మండలి నేపాలు క్రికెట్ సంఘాన్ని సస్పెండు చేసింది. సంఘంలో ప్రభుత్వం చెయ్యి పెట్టిందని కారణం. మాదే అసలు సంఘమని రెండు వర్గాలు కీచులాడుకుంటున్న రోజులవి. మండలి నిధులు సంఘం చేతికి ఇవ్వడం మానేసింది. దేశపు జట్టును మాత్రం తన పోటీల్లో ఆడనిచ్చింది, అదొక్కటే దయ.

జాతీయ జట్టంటే పదిహేనుమంది. మరి తతిమ్మా కుర్రాళ్ళ మాట? పెద్దల తగవు మూడున్నరేళ్ళకు, 2019 అక్టోబరులోగాని తీరలేదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఆ తగవు ముగిసేసరికి ఇరవై రెండోయేట పడతాడు. అంతవరకూ బంతి ముట్టకుండా ఎవడు కూర్చుంటాడు? తండ్రి ఎన్నాళ్ళు ఊరుకుంటాడు? దుబాయికో మలేషియాకో పని వెతుక్కుంటూ పోవడం ఆ దేశంలో వయస్సొచ్చిన ప్రతి కుర్రాడికీ తెలిసిన దారే.

ఆ సమయంలో ముందుకొచ్చినవాళ్ళు వ్యాపారస్థులు. 2016లోనే అమీర్ అఖ్తర్ అనే ఆయన కాఠ్మండూలో ఎవరెస్టు ప్రీమియర్ లీగు మొదలుపెట్టాడు. మరుసటి యేడు పడమటి కొసనున్న ధన్‌గఢీలో ఇంకొక లీగు, ఆ పైన పోఖరాలో మరొకటి. అన్నీ ప్రైవేటువే. ఫ్రాంచైజీ అంటే ఏమిటని మా ఆవిడ అడిగితే, కాంట్రాక్టు నాటకం జ్ఞాపకం చేశాను. మా చిన్నతనంలో కాంట్రాక్టరు తలా ఒక సమాజం నుంచి పేరున్న నటులను రప్పించి, పందిరి వేసి, టిక్కెట్లు పెట్టి కృష్ణరాయబారం ఆడించేవాడు. అంకానికొక కృష్ణుడు! ఇదీ అంతే. ఒక్కొక్క షావుకారు ఒక్కొక్క ఊరి పేరున జట్టు కొనుక్కుంటాడు. ఆటగాళ్ళను వేలంలో పాడుకుంటాడు. పైనుంచి ఒకరిద్దరు విదేశీ కృష్ణులు.

ధన్‌గఢీ లీగులో ఒక జట్టు పేరు నాకు మరీ నచ్చింది: టీం చౌరాహా. చౌరాహా అంటే నాలుగు రోడ్ల కూడలి. సింహాలూ పులులూ ఖడ్గమృగాలూ తిరిగే లీగుల్లో, మా ఊరి సెంటరు అన్నట్టుగా పేరు పెట్టుకున్నవాళ్ళు ఎంత నిదానస్థులో! కాఠ్మండూ పోటీలు మాత్రం కీర్తిపూర్‌లో, త్రిభువన్ విశ్వవిద్యాలయం వారి మైదానంలో. గట్టుమీద గడ్డిలో కూర్చున్నవాళ్ళు కూర్చోగా, చోటు దొరకనివాళ్ళు చెట్లెక్కి చూసేవారు.

ఈ లీగుల పుణ్యమే అంతా అనను. సంఘం మూతపడివున్న కాలంలోనే, 2018 మార్చిలో, నేపాలు జింబాబ్వేలో పాపువా న్యూగినీని ఓడించి వన్‌డే హోదా సంపాదించింది. ఆనాడు నాలుగు వికెట్లు తీసి, అర్ధశతకం కొట్టి అజేయంగా నిలిచినవాడు దీపేంద్రసింగ్ ఐరీ. పడమటి కొసనున్న కంచన్‌పూర్ జిల్లావాడు, వయస్సు పద్దెనిమిది. ఆగస్టులో నెదర్లాండ్సు వెళ్ళి ఒక్క పరుగు తేడాతో వన్‌డే గెలిచారు. ఆఖరి బంతి వేసి, రనౌటు చేసినవాడు కెప్టెన్ పారస్ ఖడ్కాయే. ఇంత ఆట ఆడినవాళ్ళకు సొంతగడ్డమీద మంచి పోటీ, చేతిలో నాలుగు డబ్బులు ఎవరిచ్చారని అడిగితే, ఆ షావుకార్ల పేర్లు చెప్పక తప్పదు.

అయితే కాంట్రాక్టు నాటకం చూసినవాళ్ళకు రెండో సంగతి కూడా తెలుసు. వసూళ్ళు రాకపోతే కాంట్రాక్టరు పందిరి వెనకనుంచి మాయమవుతాడు. నటులు రంగుపెట్టె తాకట్టుపెట్టి రైలెక్కాలి. 2020లో క్రిస్ గేలంతటివాడు పోఖరా జట్టుకు వస్తున్నాడని ఎవరెస్టు లీగువారు ప్రకటించారు. కరోనా వచ్చిపడి ఆట వాయిదా పడింది. 2021లో ఎలాగో జరిపించారు. మరుసటి యేడు లేదు. ఎందుకు లేదని నిలవేసే హక్కు ఎవరికుంది? అది ఒకరి సొంత సొమ్ము.

సంఘమే తలపెడితే బాగుంటుందా అంటే, అదీ చూశాం. 2022 డిసెంబరులో మొదలైన ఒక లీగును సంఘం బయటి కంపెనీకి అప్పగించింది. ఆటగాళ్ళకు డబ్బు ముట్టలేదన్న రభస, మ్యాచీలు అమ్ముడుపోయాయన్న ఆరోపణ, ఆపైన పోలీసులు, అరెస్టులు. ప్రైవేటువాళ్ళ పందిట్లో ఇంత అల్లరి జరిగినట్టు నేను వినలేదు. సొమ్ము ఎవరిదన్నది ఒక్కటే లెక్కకాదు, పద్దు ఎవరు రాస్తున్నారో, దాన్ని ఎవరు తిప్పిచూస్తున్నారో కూడా అడగాలి. క్రికెట్టాడే కుర్రాడి తల్లి ఈ మాట నాకంటే బాగా చెప్పగలదు.

2024 నవంబరు 30న సంఘం మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఎనిమిది జట్లతో నేపాల్ ప్రీమియర్ లీగు, అదే కీర్తిపూర్‌లో. మన శిఖర్ ధావన్ కూడా వెళ్ళి కర్నాలీ జట్టుకు ఆడివచ్చాడు. కట్టుబాటు మారింది గాని, వేలమూ షావుకార్లూ ఊరి పేర్లూ అన్నీ ఆ ప్రైవేటువాళ్ళు నేర్పిన పద్ధతులే. ఆ యేడు కప్పు జనక్‌పూర్‌ది. ఫైనల్లో ఓడినది సుదూర్‌పశ్చిమ్, అంటే ధన్‌గఢీ వైపు జట్టు, మన ఐరీ కెప్టెను. 2025లోనూ వాళ్ళే ఫైనలుకు వచ్చి, లుంబినీ చేతిలో మళ్ళీ ఓడారు.

ఇదంతా విని మా మనుమడు, "మరి మొదట లీగు పెట్టినాయనకు ఏం మిగిలింది, తాతయ్యా?" అన్నాడు.

నేను ఆలోచిస్తుండగానే మా ఆవిడ కంచాలు పెట్టేసింది.