చెంచా మనది, నోరు పాపది

మా అమ్మాయికి ఎనిమిది నెలలు. మొన్న మొన్నటి దాకా తిండి విషయంలో మాకు ఏ గొడవా లేదు. పొద్దున ఉగ్గు, మధ్యాహ్నం మెత్తగా మెదిపి చుక్క నెయ్యి వేసిన పప్పన్నం, మధ్య మధ్యలో సీసాలో పాలు. మా ఆవిడ మళ్ళీ ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టి రెండు నెలలైంది. పగలు అత్తయ్య గారు చూసుకుంటున్నారు. అంతా స్టేబుల్ గా ఉందిలే అని మురిసిపోయాం. సరిగ్గా ఆ వారమే సర్వర్ డౌనయ్యింది.

ఓ మంగళవారం పొద్దున సీసా చూడగానే మొహం అటు తిప్పేసుకుంది. ఆకలి లేదేమో అనుకున్నాం. మధ్యాహ్నం చెంచా నోటి దాకా రాగానే ఏడుపు. సాయంత్రానికి సీసా కంటపడితేనే ఏడుపు! రాత్రి తల్లి దగ్గర మాత్రం కాస్త కాస్తగా తాగింది.

ఇక సలహాల వాన మొదలైంది. ఫోన్లో మా అమ్మ "దిష్టి తీయండ్రా" అంది. అత్తయ్య గారు "పళ్ళొస్తున్నాయి బాబూ" అన్నారు. టీమ్ లో ఒకతను పాలపీక సైజు మార్చమన్నాడు, ఇంకొకతను చిగుళ్ళకి రాసే జెల్ పేరు పంపాడు. (ఆ జెల్ జోలికి వెళ్ళకండి. బెంజోకెయిన్ ఉన్న జెల్స్ రెండేళ్ళలోపు పిల్లలకి వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది.)

నేను ఇంజనీరుని కదా, ఎక్సెల్ షీట్ తెరిచాను :) టైము, మిల్లీలీటర్లు, చెంచాలు. ఒక్క రోజులో సీసా మార్చాను, పీక మార్చాను, డబ్బా పాలు మార్చాను, వేడి కూడా మార్చాను. ప్రొడక్షన్ లో ఒకేసారి నాలుగు మార్పులు చేసినవాణ్ణి ఆఫీసులో నేనే తిడతాను!

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ తర్వాత చేసింది చెప్పడానికి సిగ్గుగా ఉంది. రెండో రోజు పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని అత్తయ్య గారు ఉగ్గుగిన్నెతో పాలు పోస్తుంటే, చేతులు కదలకుండా పట్టుకున్నది నేనే. 40 మిల్లీలీటర్లు లోపలికి వెళ్ళాయి. షీట్ లో రాసుకున్నాను కూడా. పది నిమిషాల్లో అంతా కక్కేసింది.

మూడో రోజు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ నా షీట్ వైపు చూడనే లేదు. టార్చి వేసి నోట్లో చూశారు. అంగిటి దగ్గర సన్నటి పొక్కులు! వైరస్ వల్ల వచ్చినవి. వారం, పది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి, యాంటీబయాటిక్ అక్కర్లేదు అన్నారు. బరువుని బట్టి నొప్పికి మందు రాశారు. చల్లారిన పాలు కొద్ది కొద్దిగా, తరచుగా పట్టమన్నారు. మిల్లీలీటర్లు కాదు, తడిసిన డైపర్లు లెక్కపెట్టమన్నారు.

అంటే ఆ రెండు రోజులూ పాప మాకు "నొప్పిగా ఉంది" అని తనకొచ్చిన ఒకే ఒక్క భాషలో చెబుతూనే ఉంది. మేము ఎర్రర్ మెసేజ్ చదవకుండా ఎంటర్ నొక్కుతూ కూర్చున్నాం.

అసలు విషయం ఇప్పుడొస్తుంది. ఆదివారానికల్లా పొక్కులు పోయాయి. కానీ పాప ఇంకో రెండు వారాలు చెంచాని దగ్గరికి రానివ్వలేదు. పొక్కులు తెచ్చింది వైరస్. భయం తెచ్చింది మాత్రం మేమేనని నా నమ్మకం.

అందుకే నేననేదేంటంటే, బిడ్డ హఠాత్తుగా తిండి మానేస్తే మనం చేయాల్సిన మొదటి పని తినిపించడం కాదు, ఎందుకో చూడడం. నోట్లో పొక్కులా, చెవి నొప్పా, ముక్కు దిబ్బడా, వచ్చే పన్నా? ముక్కు మూసుకుపోతే సీసా చప్పరించడమే కష్టం. ఆరు నుంచి ఎనిమిది గంటలు డైపర్ తడవకపోయినా, నోరు ఎండినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, మాడు లోపలికి గుంట పడినా, మగతగా ఉన్నా... ఇంట్లో ప్రయోగాలు ఆపేసి వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. అందులో మొహమాటం వద్దు.

అవేవీ లేకపోతే? ఎలిన్ శాటర్ అని అమెరికాలో ఒక పోషకాహార నిపుణురాలు ఉన్నారు. ఆవిడ సూత్రం చాలా సింపుల్. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేది పెద్దవాళ్ళ పని. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అనేది పిల్లల పని. నాకిది ఇంటర్‌ఫేస్ లా అర్థమైంది. అవతలి మాడ్యూల్ లోపల మనం వేలు పెట్టకూడదు.

"అలా వదిలేస్తే చిక్కిపోదూ?" అంటారు. ఓ లెక్క చూడండి. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ మామూలుగా అయిదు నెలలకి ఆరు కిలోలకి, ఏడాదికి తొమ్మిది కిలోలకి దగ్గర పడుతుంది. మొదటి మూడు కిలోలకి అయిదు నెలలు, తర్వాతి మూడింటికి ఏడు నెలలు. వేగం తగ్గడం డిజైన్ లోనే ఉంది. పైగా తల్లి ఆఫీసుకి వెళ్తే కొంతమంది పిల్లలు పగలు తగ్గించి రాత్రి తాగి సర్దుకుంటారు. నా షీట్ లో రాత్రి పాలకి అసలు కాలమ్ లేదు మరి!

మేము చేసింది ఇదీ. మూడు రోజులు సీసా కనపడకుండా దాచేశాం. అదే ఉగ్గుగిన్నె, కానీ ఈసారి పాపని నిటారుగా కూర్చోబెట్టి అంచు పెదవికి ఆనించి ఊరుకున్నాం. తనే లాక్కుంటే తాగింది, తల తిప్పితే తీసేశాం. ఒక చెంచా తన చేతికే ఇచ్చాం. మేము తినేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకున్నాం. ఇరవై నిమిషాలు దాటితే గిన్నె లోపల పెట్టేశాం. మొదటి వారం నేల మీద పడ్డదే ఎక్కువ. పదమూడో రోజు నా కంచంలో ఇడ్లీ ముక్క తనే తీసి నోట్లో పెట్టుకుంది. అత్తయ్య గారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

ఇంకొక్క మాట. ఆ రోజుల్లో వచ్చిన ప్రతి ఫోనూ "తల్లి ఆఫీసుకి పోతే ఇంతేగా" అనే దగ్గర ఆగేది. 2017లో చట్టం మార్చి ప్రసూతి సెలవు 12 నుంచి 26 వారాలు చేశారు. సెలవు అయిపోయిన మర్నాటి నుంచీ పాప వదిలేసిన ప్రతి చెంచా మా ఆవిడ ఖాతాలోనే పడింది. నన్ను ఒక్కరూ ఏమీ అడగలేదు, నేనూ అదే ఇంట్లో ఉన్నాను కదా? ఓ రాత్రి తన ల్యాప్‌టాప్ లో రాజీనామా మెయిల్ డ్రాఫ్ట్ చూశాను. అప్పుడు అర్థమైంది, పాప నోట్లోకి మేము బలవంతంగా తోసింది ఉగ్గు ఒక్కటే కాదని. బిడ్డ తిన్న చెంచాలు తల్లికి వేసే మార్కులైనంత కాలం ఏ ఇంట్లోనూ చెంచా మెత్తబడదు.

మర్నాటి నుంచి పొద్దుటి ఉగ్గు డ్యూటీ నాది. తొమ్మిదిన్నర స్టాండప్ ని పదింటికి మార్చమని మేనేజరుని అడిగాను, సరేనన్నాడు. అడగడానికి నాకు ఎనిమిది నెలలు పట్టిందంతే. ఆ మెయిల్ ఇంకా డ్రాఫ్ట్స్ లోనే ఉంది. ఎక్సెల్ షీట్ మాత్రం డిలీట్ చేసేశాను.