ఇరుగు పొరుగు అభిమానములు

మొన్న ఆటల గంటలో చెడుగుడు ఆడుచుండగా ఇద్దరు బాలురకు మాట పట్టింపు వచ్చినది. ఒకడు రెండవవానిని "గొల్టీ" అనెను. రెండవవాడు తడవుకొనకుండ "పోరా అరవోడా" అని బదులు చెప్పెను. ఇరువురును ఒకే వీధివారు. ఆ తెలుగు బాలుడు తమిళమును తన జోడువాని వలెనే తడబాటు లేక మాట్లాడును. ఆ తమిళ బాలుని అమ్మమ్మ నగరి ఆడపడుచు; ఇంట ఆమెకు నేటికిని తెలుగే వాడుక. వ్యాయామోపాధ్యాయులు ఇద్దరిని మందలించిరి, ఆట మరల సాగినది. కాని ఆ రెండు మాటలు నా చెవిలో నిలిచిపోయినవి. వానిని ఆ పిల్లలు పుట్టింపలేదు, పెద్దల నోట విని నేర్చుకొనిరి. కావున ఈ వ్యాసము విద్యార్థులకు ఎంతయో వారి తల్లిదండ్రులకును అంతయే.

"గొల్టి" అనునది "తెలుగు" అను పేరును తలక్రిందులు చేసి పలికిన వేళాకోళమని చెప్పుదురు. మన "అరవ" మాట కొంత పాతది. తమిళదేశపు ఉత్తరభాగమునకు పూర్వము "అరువానాడు" అను పేరుండెననియు, తెలుగువారు తమకు చేరువనున్న ఆ నాటివారిని ఆ పేరుతో పిలిచిరనియు కొందరు పండితుల అభిప్రాయము. అనగా మొదట అది తిట్టు కాదు, ఇంటిపేరు వంటిది. తమిళులు మనలను "వడుగర్" అనుటయు అట్టిదే. ఉత్తరదిక్కువారని దాని అర్థము. రెండు మంచి పేర్లను వాడి వాడి తిట్లుగా మార్చుకొంటిమి. "అరచువారు గనుక అరవలు" అని వ్యుత్పత్తి చెప్పి నవ్వెడు మహానుభావులు మనలో ఇప్పటికిని ఉన్నారు. వారు మన తెలుగువారు సంతలో బేరమాడుట ఎన్నడును వినలేదు కాబోలు!

ఈ తగవునకు మన ప్రాంతములో ఒక చరిత్ర కలదు. మన తిరుత్తణి కొండను చూడుడు. దాని 365 మెట్లు ఎక్కడికిని కదలలేదు. కదలినవి సరిహద్దులు. సర్వేపల్లి రాధాకృష్ణగారు 1888లో జన్మించినపుడు ఈ ఊరు మద్రాసు రాజధానిలో ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా అందు చేరినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రములోనికిని, 1956లో ఆంధ్రప్రదేశ్ లోనికిని పోయినది. 1960 ఏప్రిల్ 1న మరల మద్రాసు రాష్ట్రమునకు వచ్చినది. ఆ రాష్ట్రమే 1969లో తమిళనాడైనది. చెంగల్పట్టు జిల్లానుండి వేరుపడి తిరువళ్లూరు జిల్లా 1997లో ఏర్పడినది. 1910లో పుట్టి 1970 వరకు బ్రదికిన తిరుత్తణి మనిషి యెవడైనను, ఇల్లు కదలకుండగనే మూడు జిల్లాలలో, నాలుగు రాష్ట్రనామముల క్రింద కాపురము చేసినాడన్నమాట.

ఈ మార్పులు శాంతముగా జరుగలేదు. పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష పూని డిసెంబరు 15న ప్రాణము విడిచిరి. "మద్రాసు మనదే" అని తెలుగువారు కేకలు వేసిరి. ఆవలి పక్షమున మ. పొ. శివజ్ఞానంగారు తమ తమిళ అరసు కళగము ద్వారా మద్రాసు నగరము కొరకే గాక, తిరుపతి, తిరుత్తణుల కొరకును ఉద్యమము నడిపిరి. వేంకటగిరియే తమిళదేశపు ఉత్తరపు ఎల్లయని ప్రాచీన తమిళ గ్రంథములు చెప్పుచున్నవని వారి వాదము. చెన్నప్పనాయకుని పేరనే చెన్నపట్టణము వెలసినదని మనవారి వాదము. తుదకు పటాస్కరుగారు మధ్యవర్తియై, గ్రామమును మూలముగా గొని, భాషా సంఖ్యను, భూమి కలయికను చూచి తీర్పు చెప్పిరి. 1959లో చట్టమైనది. తిరుత్తణి ఇటు వచ్చినది, సత్యవేడు అటు పోయినది. మద్రాసు దక్కలేదని ఆంధ్రులకును, తిరుపతి దక్కలేదని తమిళులకును కొరత మిగిలినది. గ్రామమును మూలముగా గొనుట న్యాయమే కావచ్చును. కాని నగరికి పిల్లనిచ్చి పుత్తూరునుండి కోడలిని తెచ్చుకొన్న ఇంటిని ఏ లెక్కలో వేయవలెను?

ఆ కొరత నేటికిని చిన్న చిన్న మాటలలో బయటపడుచుండును. రాధాకృష్ణగారి సంగతియే చూడుడు. ప్రతి సెప్టెంబరు 5వ తేదీన "మా తెలుగువారు" అని మనమును, "మా తమిళనాటి బిడ్డ" అని వారును చెప్పుకొందుము. ఇంటిపేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లిది. పుట్టినది ఇచ్చట. చదివినది తిరుపతిలో, వేలూరులో, మద్రాసులో. 1931లో ఉపాధ్యక్షులైనది ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు. 1962లో వారు రాష్ట్రపతి అగునాటికి వారి జన్మస్థలము మద్రాసు రాష్ట్రమున చేరి రెండేండ్లైనది. ఇరువురును చెప్పునది నిజమే; రెండవవాడు చెప్పునది అబద్ధమనుటయే తప్పు.

ఒకరినొకరు ఎరుగని జాతుల మధ్య ఇట్టి ఈర్ష్య పుట్టదు. మనకు అస్సామీయులపై కోపమున్నదా? ఒకరికొకరు ఋణపడిన పొరుగువారి మధ్యనే ఇది పుట్టును. ఫ్రెంచివారిని, అమెరికనులను చూడుడు. ఫ్రెంచి సేనల సాయము లేనిదే 1781లో యార్క్‌టౌను వద్ద అమెరికనులకు విజయము కలుగకుండెడిది. న్యూయార్కు రేవులోని స్వేచ్ఛాదేవి విగ్రహము ఫ్రెంచివారి కానుక, 1886లో ప్రతిష్ఠింపబడినది. 1944లో అమెరికను సైనికులు నార్మండీ తీరమున దిగి ఫ్రాన్సు విముక్తి కొరకు ప్రాణములిచ్చిరి. ఇంతటి స్నేహము! అయినను 1966లో ద గాల్ అమెరికను సేనలను తన దేశము విడిచి పొమ్మనెను. 2003లో ఇరాకు యుద్ధమునకు ఫ్రాన్సు ఒప్పుకొననందున, అమెరికా ప్రతినిధి సభ భోజనశాలలో వేయించిన ఆలుగడ్డ ముక్కల పేరులోని "ఫ్రెంచి" అను మాటను తీసివేసి "ఫ్రీడమ్" అని వ్రాసిరి. కొన్ని ఏండ్లకు పాత పేరే వచ్చినది. ఆలుగడ్డ రుచి మాత్రము అప్పుడును ఇప్పుడును ఒక్కటే. వీరిలో ఒకడు "మేము లేనిదే నీకు స్వాతంత్ర్యము లేదు" అనును, రెండవవాడు "మేము లేనిదే నీకు దేశమే లేదు" అనును. తనకు రావలసిన బాకీనే ఇరువురును చదువుదురు. తాను తీర్చవలసినది యున్న పుటను ఎవరును తిప్పరు.

మన లెక్కపుస్తకమును గూడ తెరచి చూతము. తమిళులు మనకు బాకీ యని మనవారు మొదట చెప్పునది సంగీతము. త్యాగరాజస్వామి తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో నివసించి తెలుగున కృతులు రచించెను. సత్యమే. కాని ఆ కృతులను గురువు ముఖమున నేర్చి, వ్రాసికొని, శిష్యపరంపరగా కాపాడినవారిలో ఉమయాళ్పురమువారు, తిల్లైస్థానమువారు ప్రముఖులు. తెలుగు తమ ఇంటి భాష కానివారు. వారు కాపాడకుండిన మనము గర్వపడుటకు ఎన్ని కృతులు మిగిలియుండెడివో! 1940 ప్రాంతములలో తమిళ ఇసై ఉద్యమము లేచినపుడు, 1943లో దానికి మద్రాసులో సంఘము వెలసినపుడు, మనవారు అనేకులు నొచ్చుకొనిరి. తమ ఊరి సభలో మూడు గంటలు కూర్చుండి, తన భాషలో పాటను చిట్టచివర "తుక్కడా" యని వడ్డింపగా వినవలసివచ్చిన మనిషికి కోపము రాదా? మనకే అట్లు జరిగిన ఊరకుందుమా? ముత్తుస్వామి దీక్షితులవారి తొలి కృతి ఈ తిరుత్తణి కొండమీదనే పుట్టినదని సంగీతజ్ఞులు చెప్పుదురు. అది సంస్కృతము గనుక మన ఇరువురకును తగవు తప్పినది.

మన బాకీ ఎంత? వావిళ్లవారి ముద్రణాలయము 1854లో మద్రాసులో పుట్టినది. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికయైనది మద్రాసులో. భారతి మాసపత్రిక 1924లో అచ్చటనే. బ్రౌనుదొర సేకరించిన తాళపత్రములు భద్రపరుపబడినది అచ్చటనే. మన అమ్మమ్మలు మురిసికొన్న చలనచిత్రములు తయారైనది వడపళని స్టూడియోలలో. 1947లో చందమామ వెలువడినది మద్రాసులోనే. అదే సంవత్సరమున దాని తోబుట్టువు "అంబులిమామ" తమిళమున వచ్చినది. అవే బొమ్మలు, అవే కథలు, రెండు లిపులు! మన తెలుగు వికసించినది తమిళ నగరములో అద్దె కొంపలోనా, సొంత ఇంటిలోనా అను వాదము నాకు అనవసరము. ఆ ఇంట చోటు దొరికినది, అంతే.

నీటి సంగతియు ఇట్టిదే. 1983 ఒప్పందమును అనుసరించి త్రవ్విన కాలువలో కృష్ణనీరు 1996లో మన జిల్లాలోని పూండి జలాశయమును చేరినది. "మా నీళ్లు త్రాగుచున్నారు" అని ఎవరో ఒక బంధువు అనగా విన్నాను. ఆ పదునైదు టి.ఎం.సి.లలో మహారాష్ట్ర, కర్ణాటకముల పాలును ఆంధ్రుల పాలుతో సమానమే. అదియునుగాక ఆ నీరు త్రాగు నగరములో లక్షలాది తెలుగువారున్నారు.

ప్రాచీనభాష హోదా విషయమై జరిగిన పోటీ మాత్రము నా దృష్టిలో వట్టి వ్యర్థము. తమిళమునకు 2004లోను, తెలుగునకు, కన్నడమునకు 2008లోను ఆ హోదా వచ్చినది. ఇవి తగవని మద్రాసు ఉన్నతన్యాయస్థానములో వ్యాజ్యము వేసిరి. 2016లో అది కొట్టివేయబడినది. కన్ను, చెవి, కాలు, పాలు, నీరు, ఊరు, పేరు — ఈ మాటలను మీ తమిళ స్నేహితుని చెప్పుమనుడు. తోబుట్టువులని వెంటనే తెలియును. 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిసుదొర తెలుగు, తమిళ, కన్నడములు ఒకే కుటుంబములోనివని మొదట వ్రాసి చూపినది, ఒక తెలుగు వ్యాకరణమునకు పీఠికగా! అక్కచెల్లెండ్రలో ఎవరు పెద్దయని న్యాయాధిపతి తేల్చవలెనా?

ఇంతమాత్రమున మనకు బాధ లేదని నేననుటలేదు. 2006 తమిళ అభ్యసన చట్టము ప్రకారము ఒకటవ తరగతినుండి తమిళము తప్పనిసరియై, ఏడాదికొక తరగతిగా పైకి వచ్చి, 2015–16లో పదవ తరగతిని చేరినది. మాతృభాష మొదటి స్థానము పోగొట్టుకొని, కోరినవారు చదువు నాల్గవ భాగముగా మిగిలినది. తమిళము సరిగా బోధించువారు లేని అల్పసంఖ్యాక భాషల బడులలో పిల్లలు పరీక్షకు ఎట్లు కూర్చుందురని తల్లిదండ్రులు న్యాయస్థానములకెక్కవలసివచ్చినది. కొన్ని ఏండ్లు మినహాయింపులు దొరకినవి. ఇది న్యాయమైన పోరాటము. తమిళము నేర్చుటకు మనకు అభ్యంతరము లేదు, ఉండరాదు. మనము బ్రదుకు నేల భాష అది. తెలుగును బడినుండి తొలగించుట వేరు సంగతి. ఈ రెండింటిని కలిపి "తమిళము వద్దు" అని అరచిన తెలుగు పెద్దలు మనకు సాయము చేయలేదు, కీడే చేసిరి. వారి కేకలు విన్నవారికి మన కోరికలోని న్యాయము వినబడలేదు.

మరొకటి. 2018లో తెలంగాణలో తెలుగును అన్ని బడులలో తప్పనిసరి చేయుచు చట్టము వచ్చినపుడు మన ఇండ్లలో సంతోషించితిమి. ఆ బడులలో ఉర్దూ, మరాఠీ, తమిళ బాలురు ఉందురని ఒక్కరమైనను తలచితిమా? నగరిలో, సత్యవేడులో, కుప్పములో తమిళ కుటుంబములు కలవు. అచ్చటి తమిళ బాలుని కష్టమును మనకన్న బాగుగ ఎరుగగలవారు ఎవరు?

చివరకు ఇంటి మాట. తెలుగు వీరాభిమానముతో వేదికలెక్కువారిలో తమ పిల్లను తెలుగు తరగతిలో చేర్చినవారెందరని చూడబోయిన, మన పల్లెపట్టు, పొదటూరుపేట మగ్గముల పనివారే ఎక్కువ కనబడుదురు, ఉపన్యాసకులు కనబడరు. వారి బిడ్డలు ఆంగ్ల మాధ్యమములో ఉన్నారు. ఆంగ్లము కావలెననుట తప్పు కాదు. కాని ఇంట తెలుగు అక్షరములైనను దిద్దింపక, తన మనుమడు తాత వ్రాసిన ఉత్తరమును చదువలేక నిలుచుండగా, తెలుగును తమిళులు అణచుచున్నారనుట నాకు మింగుడుపడదు. తరగతిలో పిల్లలు లేరని తెలుగు పంతులు కొలువు తీసివేయబడిన నాడు ఏ న్యాయస్థానము మినహాయింపు ఇచ్చును? ప్రవేశములు జూన్ నెలలో జరుగును. ఆ ఫారములో మాతృభాష యని యున్న గడిలో "తెలుగు" అని వ్రాసి, తెలుగు పాఠము కావలెనని కూడ వ్రాయించి ఇండ్లకు పొండని తల్లిదండ్రులను కోరుచున్నాను.

విద్యార్థులకు ఒక పని. వచ్చు సంచికకై, 1960కి పూర్వము ఈ చుట్టుపట్ల ఏ బడిలో ఏ భాషలో చదివితిరని మీ ఇండ్లలోని పెద్దలనడిగి వ్రాసి తెండు. తమిళ స్నేహితుల తాతలను, అవ్వలను గూడ అడుగుడు. చెడుగుడులో తగవులాడిన ఆ ఇద్దరు బాలురను ఈ పనికి ఒక జట్టుగా వేసితిని. నగరి అమ్మమ్మతో మొదలు పెట్టుదురట.