3-13-1

సీజన్ మొత్తం మీద 17 మ్యాచ్‌లు. గెలిచినవి 3, ఓడినవి 13, ఒకటి టై. ఈ లెక్క చూపించి, కొత్తగా వచ్చిన ఈ కోచ్‌ని ఉంచాలా, పంపించెయ్యాలా అని అడిగితే మీరేమంటారు? నేనైతే అప్పట్లో పంపించెయ్యమనే అన్నాను.

2021లో నేను డెట్రాయిట్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. అమెరికన్ ఫుట్‌బాల్ రూల్సు సగం కూడా తెలీవు. కానీ రూమ్మేట్లంతా చూస్తుంటే మనం మాత్రం ఏం చేస్తాం, కూర్చుని చూడటమే. మా ఊరి టీము డెట్రాయిట్ లయన్స్. 1992 జనవరి తర్వాత ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా గెలవలేదు. 2008లో అయితే 16కి 16 ఓడారు. ఇలాంటి టీముకి డాన్ కాంప్‌బెల్ కోచ్‌గా వచ్చాడు.

అంతకు ముందున్న కోచ్ మాట్ పట్రీషియా ఒక రకంగా మనవాడే, అంటే ఇంజనీరు! రెన్సలేర్ పాలిటెక్నిక్‌లో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదివాడు. చెవి మీద పెన్సిల్ పెట్టుకుని తిరిగేవాడు. న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌లో డిఫెన్స్ నడిపి పేరు తెచ్చుకుని వచ్చాడు. రెజ్యూమె చూస్తే వంక పెట్టలేం. దాదాపు మూడు సీజన్లు ఉండి 13 గెలిచి, 29 ఓడి, 2020 నవంబరులో ఇంటికెళ్ళాడు.

కాంప్‌బెల్ దానికి పూర్తిగా రివర్సు. మాజీ ఆటగాడు, 2008లో ఓడిన ఆ టీములో కూడా ఉన్నాడు. మొదటి ప్రెస్ మీట్‌లోనే, మమ్మల్ని పడగొడితే లేస్తూ లేస్తూ మీ మోకాలిచిప్ప కొరికేస్తాం అన్న ధోరణిలో మాట్లాడాడు. దేశమంతా నవ్వుకుంది, మేమూ నవ్వాం. ఆ సమయంలోనే పన్నెండేళ్ళుగా క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న మాథ్యూ స్టాఫర్డ్‌ని లాస్ ఏంజెలెస్ రామ్స్‌కి ఇచ్చేసి, వాళ్ళు వద్దనుకున్న జారెడ్ గాఫ్‌ని, కొన్ని డ్రాఫ్ట్ పిక్స్‌ని తెచ్చుకున్నారు. స్టాఫర్డ్ వెళ్ళిన మొదటి సీజన్లోనే సూపర్ బౌల్ గెలిచాడు. మాకు పుండు మీద కారం.

ఇక ఓటములు. సెప్టెంబరులో బాల్టిమోర్ రేవెన్స్ మీద ఒక పాయింటు ఆధిక్యంలో ఉన్నారు, టైమైపోయింది. జస్టిన్ టక్కర్ 66 గజాల నుంచి తన్నాడు. బంతి అడ్డకర్రకి తగిలి, పైకెగిరి, అవతల పడింది. అప్పటికి అది లీగ్ రికార్డు. 1986లో షార్జాలో మియాందాద్ కొట్టిన సిక్సర్‌ని మా నాన్న ఇప్పటికీ తిట్టుకుంటాడు. ఆయన బాధ నాకు ఆ రోజు అర్థమైంది :-) ఆ మ్యాచ్ 19-17. రెండు వారాలకి మినెసోటా వైకింగ్స్ మీద మళ్ళీ ఆఖరి తన్ను, మళ్ళీ 19-17. ప్రెస్ మీట్‌లో కాంప్‌బెల్ ఏడ్చేశాడు. "కోచ్ ఏడవడమేంట్రా బాబూ" అని మావాళ్ళు ఒకటే నవ్వు. థాంక్స్ గివింగ్ రోజు చికాగో బేర్స్ మీద కూడా ఆఖరి తన్నే, 16-14.

మూడు ఓటములు, మూడూ రెండేసి పాయింట్లతో, మూడూ ఆఖరి క్షణంలో. స్కోరుబోర్డు మీద మాత్రం 44-6తో చిత్తుగా ఓడినదానికీ వీటికీ తేడా ఉండదు. అన్నీ ఓటములే.

నవంబరుకి కాంప్‌బెల్ ఒక పని చేశాడు. ఏ బంతికి ఏ ఆట ఆడాలో చెప్పే బాధ్యతని తన కోఆర్డినేటర్ దగ్గర్నుంచి తనే తీసుకున్నాడు. పని చెయ్యనిదాన్ని సీజన్ అయ్యేదాకా సాగదియ్యలేదు. డిసెంబరు 5కి లెక్క 0-10-1. మళ్ళీ వైకింగ్స్. గడియారంలో 4 సెకన్లు, మిగిలింది ఒక్క ఛాన్సు. గాఫ్ విసిరాడు, డ్రాఫ్ట్‌లో 112వ నంబరుగా తీసుకున్న కొత్త కుర్రాడు ఏమన్-రా సెయింట్ బ్రౌన్ పట్టాడు. 29-27. ఐదు రోజుల ముందే దగ్గర్లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో కాల్పులు జరిగి నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ గెలుపుని కోచ్ ఆ ఊరికి అంకితమిచ్చాడు. ఆ రోజు మా గదిలో ఎవరూ నవ్వలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే...

2023లో నేను ఉద్యోగం చేస్తున్న చోట మా టీముకి కొత్త మేనేజరొచ్చారు. వచ్చాక రెండు రిలీజులు వరసగా లేటయ్యాయి. ఆయన ఎప్పుడు చూసినా ఆటోమేటెడ్ టెస్టులు రాయించడం, డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టులు సరిచేయించడం. పై వాళ్ళ మీటింగులో లేటుకి కారణం నేనే అని ఆయనే చెప్పుకున్నారు, మాలో ఒక్కరి పేరూ ఎత్తలేదు. అది చేతకానితనం అనుకున్నాను. పేరు రాయక్కర్లేని సర్వే ఫారం వచ్చింది. "ఫలితాలు లేవు, మార్చడం మంచిది" అని రాసేశాను. ఎనిమిది నెలలకే ఆయన్ని వేరే టీముకి పంపించేశారు. తర్వాతొచ్చినాయన మొదటి రిలీజు టైముకి ఇచ్చాడు, చప్పట్లే చప్పట్లు. ఆ రిలీజు నడిచింది పాతాయన రాయించిన టెస్టుల మీద. ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఎవరం నోరు విప్పలేదు.

అలా అని ఓడిన ప్రతి కోచ్‌కీ టైమివ్వాలని నేననను. పట్రీషియాకి టైమిచ్చారు, ఏమైంది? అదే 2021లో జాక్సన్‌విల్‌కి అర్బన్ మేయర్ కొత్త కోచ్‌గా వచ్చి 13 మ్యాచ్‌ల్లో 2 గెలిచాడు. సిన్సినాటిలో ఓడినప్పుడు టీముతో కలిసి తిరుగు విమానం కూడా ఎక్కలేదు. డిసెంబరులోనే తీసేశారు, మంచి పనే చేశారు. స్కోరు చూస్తే ఇద్దరూ ఒకటే కదా? అందుకే నా మట్టుకు నాకు, మొదటి ఏడాది స్కోరు కంటే వేరేవి చూడాలనిపిస్తుంది. ఓడిన రోజు టీముతో నిలబడ్డాడా, పని చెయ్యనిదాన్ని తనంతట తను మార్చాడా, పది ఓడాక కూడా కుర్రాళ్ళు ఆఖరి సెకను దాకా పరిగెడుతున్నారా. ఇవేవీ డాష్‌బోర్డులో కనపడవు. దగ్గరున్నవాళ్ళకే కనపడతాయి. అంటే, సర్వే ఫారం నింపే మనకే.

2022లో లయన్స్ మళ్ళీ 1-6తో మొదలెట్టారు. ఓనరు షీలా ఫోర్డ్ హాంప్ విలేకర్ల ముందుకొచ్చి, కోచ్ మీద నమ్మకముందని చెప్పింది. ఆ సీజన్ 9-8తో ముగిసింది. 2023లో 12-5. 2024 జనవరి 14న డెట్రాయిట్‌లో ప్లేఆఫ్ మ్యాచ్, ఎదురుగా రామ్స్ జెర్సీలో స్టాఫర్డే! 24-23తో గెలిచారు, 32 ఏళ్ళ తర్వాత. వద్దనుకున్న గాఫ్ పేరుతో స్టేడియం ఊగిపోయింది. 2024లో 15-2. 2025లో 9-8తో ప్లేఆఫ్స్‌కే వెళ్ళలేదు. సూపర్ బౌల్ ఇంకా అందలేదు. అయినా ఆ 3-13-1 చూసి తీసేసి ఉంటే ఇవేవీ జరిగేవి కావు.

పాత మేనేజరు అప్పుడప్పుడు లిఫ్టులో కనపడుతుంటారు. ఇప్పటికీ పేరు పెట్టి పలకరిస్తారు. ఆ ఫారంలో రాసింది నేనేనని ఆయనకి తెలీదు. చెప్పాలని రెండుమూడు సార్లు అనుకున్నాను, ఈలోపు ఫ్లోరు వచ్చేస్తుంది.

మీ టీములో ఇప్పుడు 3-13-1లో ఉన్నదెవరు?